పోర్ట్ టాల్బట్‌లో ఫర్నేసులు ఆపేసి కరెంటు ఫర్నేస్ పెడుతున్నారు కదా, ఇది నిజంగా గ్రీన్ స్టీలేనా?

కార్డిఫ్ తెలుగోడు
స్టీల్ ప్లాంట్లలో చేసినవాళ్లు, మెటలర్జీ చదివినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. నేనుండేది వేల్స్‌లో, చేసేది ఐటీ, ఉక్కు గురించి తెలిసింది సున్నా. స్వాన్సీ వెళ్లే దారిలో ఎం4 రోడ్డు పక్కనే సముద్రం వైపు పోర్ట్ టాల్బట్ ప్లాంటు కనిపిస్తుంది. వందేళ్లకు పైగా అక్కడ ఉక్కు చేశారు, 1960ల్లో దాదాపు 18 వేల మంది పనిచేసేవారట. 2007లో టాటా వాళ్లు కోరస్‌ని 620 కోట్ల పౌండ్లకు కొన్నప్పుడు దానితోపాటు ఇదీ వచ్చింది. 2024లో ఖనిజం నుంచి ఇనుము తీసే రెండు బ్లాస్ట్ ఫర్నేసులూ ఆపేశారు, ఐదో నంబరుది జులైలో, నాలుగోది సెప్టెంబరు 30న. వాటి బదులు 125 కోట్ల పౌండ్లతో, కరెంటుతో పాత ఇనుము (స్క్రాప్) కరిగించే ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్ కడుతున్నారు, అందులో 50 కోట్లు ఇక్కడి ప్రభుత్వానివి. 2027 చివరికో 2028 మొదటికో మొదలవుతుందని చెప్తున్నారు.

మా ఆఫీసులో సగం మంది "పర్యావరణానికి మంచిది" అంటారు, సగం మంది "ఊరిని చంపేశారు" అంటారు. కంపెనీ ఏమో ప్లాంటు కర్బన ఉద్గారాలు 90 శాతం తగ్గుతాయంటోంది. అంత ఎలా తగ్గుతుంది? ఇందులో మతలబు ఏమైనా ఉందా?

రిటైర్డ్ మెల్టర్
మతలబు ఏం లేదు బాబూ, ఇది కెమిస్ట్రీ. ఇనుప ఖనిజం అంటే ఆక్సిజన్‌తో అంటుకుపోయిన ఇనుము. ఆ ఆక్సిజన్‌ని లాగేయడానికి బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ (బొగ్గుని గాలి తగలకుండా కాల్చి చేసేది) వేస్తాం, కార్బన్ వెళ్లి ఆ ఆక్సిజన్‌ని పట్టుకుని గ్యాసుగా బయటికి పోతుంది. అందుకే ఎంత బాగా నడిపినా టన్ను ఉక్కుకి రెండు టన్నులకు అటూ ఇటూ కార్బన్ డయాక్సైడ్ తప్పదు. కోక్ అక్కడ వేడికే కాదు, పని చేసేదే అది.

స్క్రాప్‌లో ఆ గొడవ లేదు, ఎందుకంటే ఆక్సిజన్‌ని లాగే పని ఎవరో ఎప్పుడో చేసేశారు. ఇప్పుడు కరిగిస్తే చాలు. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్లు మూడు పైనుంచి దిగుతాయి, స్క్రాప్‌కీ వాటికీ మధ్య ఆర్క్ పుడుతుంది. మొదటి పది నిమిషాలు ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినపడదు. స్క్రాప్ కరిగి పైన స్లాగ్ (మలినాల తెట్టు) కట్టాక కాస్త కార్బన్ పొడి, ఆక్సిజన్ లోపలికి కొడితే స్లాగ్ పాలు పొంగినట్టు పొంగి ఆర్క్‌ని కప్పేస్తుంది, అప్పుడు చప్పుడు తగ్గి వేడి నేరుగా లోహంలోకి దిగుతుంది. మంచి మెల్టర్ చెవితోనే చెప్పేస్తాడు, స్లాగ్ పొంగిందా లేదా అని.

లెక్కలమాస్టారు
మెల్టర్ గారు చెప్పినదానికి అంకెలు కలుపుతా. స్క్రాప్ కరిగించడానికి టన్నుకి 400 నుంచి 500 యూనిట్ల కరెంటు పడుతుంది, 450 అనుకుందాం. బ్రిటన్‌లో ఇప్పుడు యూనిట్ కరెంటుకి 200 గ్రాముల లోపే కార్బన్ డయాక్సైడ్, అంటే టన్ను ఉక్కుకి 90 కిలోలు మించదు. సున్నం, ఎలక్ట్రోడ్లు, గ్యాసు అన్నీ కలిపినా రెండు టన్నుల దగ్గరికి రాదు. మన దేశంలో యూనిట్‌కి 700 గ్రాముల పైమాటే కాబట్టి ఇదే ఫర్నేస్ ఇక్కడ పెడితే ఒక్క కరెంటు వల్లే 315 కిలోలు అవుతుంది. అంటే గ్రీన్ అనేది ఫర్నేస్‌లో ఎంత ఉందో గ్రిడ్‌లోనూ అంత ఉంది.

ఇంకో విషయం గమనించారా? నాలుగో ఫర్నేస్ ఆపిన 2024 సెప్టెంబరు 30నే బ్రిటన్‌లో ఆఖరి బొగ్గు కరెంటు కేంద్రం, రాట్‌క్లిఫ్, అది కూడా మూతపడింది. ఒకే రోజు రెండూ.

కొత్త ఫర్నేస్ సామర్థ్యం ఏడాదికి 30 లక్షల టన్నులు. దానికి 135 కోట్ల యూనిట్లు కావాలి. బ్రిటన్‌లో పరిశ్రమలకు కరెంటు ధర ఫ్రాన్స్, జర్మనీల కంటే ఎక్కువ. నన్నడిగితే అసలు టెన్షన్ అక్కడుంది.

ఉక్కునగరం కుర్రాడు
అందరూ కెమిస్ట్రీ, కరెంటు లెక్కలు చెప్తున్నారు, మనుషుల లెక్క ఎవరూ చెప్పరేంటి? 2,800 వరకు ఉద్యోగాలు పోతాయని కంపెనీయే ప్రకటించింది. పోర్ట్ టాల్బట్‌లో అప్పటికి పనిచేస్తున్నది నాలుగు వేల మంది. ఆ ఊళ్లో ఇంకేముంది? కాంట్రాక్టర్లు, క్యాంటీన్లు, లారీలు, ఈ 2,800 లెక్కలో వాళ్లు లేరు.

ఫర్నేస్ మార్చొద్దని నేను అనట్లేదు. కొత్తది తయారయ్యాక పాతది ఆపాలి గదా! వీళ్లు ముందు ఆపేసి, మూడేళ్లకు పైగా ఖాళీ ఉంచి, తర్వాత కొత్తది అంటున్నారు. యూనియన్లు నాలుగో ఫర్నేస్‌ని 2032 దాకా నడుపుతూ మారదాం అని నిపుణులతో ప్లాన్ కూడా రాయించి ఇచ్చాయి. ఆ ఫర్నేస్‌కి 2013లోనే కోట్ల పౌండ్లు పోసి లోపలి గోడలకి మళ్లీ లైనింగ్ చేశారు, ఇంకా బతుకు ఉంది దానికి. ఆ ప్లాన్‌ని పక్కన పెట్టేశారు. మా విశాఖలో "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ప్లాంటు మాది. అందుకే ఇలాంటి వార్త ఎక్కడ చూసినా ఒళ్లు మండుతుంది.

రిటైర్డ్ మెల్టర్
తమ్ముడూ, నీ కోపం న్యాయమే, కానీ అక్కడి పరిస్థితి కూడా చూడు. ఐదో ఫర్నేస్ 2001 నవంబరులో పేలి ముగ్గురు చనిపోయాక మళ్లీ కట్టింది, దాని ఆయుష్షు అయిపోవచ్చింది. కోక్ ఓవెన్లు అంతకంటే పాడైపోయాయి, సేఫ్టీ కారణాలతో 2024 మార్చిలోనే మూసేశారు. కోక్ కొనుక్కుని, రెండు ఫర్నేసులకు సరిపడేలా కట్టిన ప్లాంటుని ఒక్క ఫర్నేస్‌తో నడపడం అంటే ప్రతి టన్నుకీ నష్టమే. రోజుకి పది లక్షల పౌండ్లు పోతున్నాయని కంపెనీ చెప్పింది, ఆ లెక్క ఎంత నిజమో ఆడిటర్లకే తెలియాలి, నష్టం మాత్రం ఉంది.

రెండోది, కొత్త ఫర్నేస్ పెడుతున్నది పాత స్టీల్ మెల్టింగ్ షాపు (ఇనుముని ఉక్కు చేసే చోటు) షెడ్డులోనే. ఒక పక్క క్రేన్ మీద కరిగిన ఇనుము నిండిన లాడిల్ (పెద్ద గంగాళం) వెళ్తుంటే దాని కింద పునాది తవ్వమంటే నేనైతే సంతకం పెట్టను. కొన్నిచోట్ల చేశారు, కాదనను, కానీ ఆలస్యమూ ఖర్చూ రెండూ పెరుగుతాయి.

ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. బ్లాస్ట్ ఫర్నేస్ ఆపాక వచ్చే ఏడు మళ్లీ వెలిగిద్దాం అంటే కుదరదు. అడుగున హార్త్‌లో మిగిలిన ఇనుముని సాలమాండర్ అంటాం, దాన్ని కింద నుంచి డ్రిల్ చేసి బయటికి తీయాలి. తీయకపోతే లోపలే గడ్డకట్టుకుపోతుంది. నాలుగో ఫర్నేస్ ఆగిందంటే ఆగినట్టే.

స్వర్ణముఖి
నాకు ఒక చిన్న సందేహం. ఫర్నేసులు ఆపేశాక కూడా అక్కడ రోలింగ్ మిల్లు నడుస్తోంది కదా? మరి రేకుగా సాగదీసే ఉక్కు దిమ్మలు, ఆ స్లాబులు ఎక్కడ్నుంచి వస్తున్నాయి?

లెక్కలమాస్టారు
స్వర్ణముఖి గారూ, సరైన చోట పట్టుకున్నారు. నెదర్లాండ్స్‌లో ఇదే కంపెనీకి ఉన్న ఐముయిడెన్ ప్లాంటు నుంచి, మన దేశంలోని ప్లాంట్ల నుంచి, ఇంకా బయటి నుంచి కూడా కొంటున్నారు. వాటిల్లో బ్లాస్ట్ ఫర్నేస్‌లో పుట్టిందే ఎక్కువ. అంటే పోర్ట్ టాల్బట్ పొగగొట్టం దగ్గర నిలబడి కొలిస్తే ఉద్గారాలు ఇప్పటికే కిందికి పడిపోయాయి, బ్రిటన్ జాతీయ లెక్కలోనూ పడిపోతాయి. కానీ ఆ కారు డోరుకి వాడిన రేకు కోసం ఎక్కడో ఒక ఫర్నేస్ రెండు టన్నులు వదులుతూనే ఉంది, పైగా ఓడ ఖర్చు. కొత్త ఫర్నేస్ మొదలయ్యేదాకా "తగ్గింది" అన్న మాటని నేను లెక్కలోకి తీసుకోను. మొదలయ్యాక తీసుకుంటా. ఏడాదికి 50 లక్షల టన్నులు తగ్గుతుందని కంపెనీ అంటోంది, అది చిన్న సంగతి కాదు. ఫర్నేసులు నడిచినప్పుడు బ్రిటన్‌లో ఒకే చోట నుంచి అత్యధికంగా కార్బన్ వదిలే సైట్లలో అదొకటి.

స్వర్ణముఖి
అంటే ఈ మూడు నాలుగేళ్లు పొగ మన దగ్గర, పేరు వాళ్ల దగ్గర.

కార్డిఫ్ తెలుగోడు
ఆ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. పొగ అంటే కార్బన్ ఒక్కటే కాదు కదండీ. పోర్ట్ టాల్బట్‌లో ఇళ్లున్నవాళ్లు ఏళ్ల తరబడి కిటికీల మీద, కార్ల మీద దుమ్ము తుడుచుకుంటూ బతికారు. ఉతికిన బట్టలు బయట ఆరేయాలంటే గాలి ఎటు వీస్తోందో చూసుకునేవారట. వాళ్లకి ఈ మార్పులో కొంత మంచి ఉంది. కానీ అదే మనిషి కొడుకు ఉద్యోగం అదే ప్లాంటులో పోయింది, అందుకే గట్టిగా సంతోషించలేరు, గట్టిగా తిట్టలేరు.

మెటలర్జీ ఫైనలియర్
మాస్టారూ, సీనియర్లూ, నాదో టెక్నికల్ ప్రశ్న. పోర్ట్ టాల్బట్ చేసేది ఫ్లాట్ ప్రొడక్ట్స్ కదా, కార్ల రేకులు, వేల్స్‌లోనే ఉన్న ట్రోస్ట్రే ప్లాంటులో డబ్బాలకి వాడే టిన్‌ప్లేట్ వగైరా. స్క్రాప్‌లో రాగి వస్తుంది. మా క్లాసులో చెప్పిన ప్రకారం రీబార్‌కి (కాంక్రీటులో వేసే కడ్డీలకి) 0.4 శాతం దాకా రాగి ఉన్నా ఫర్వాలేదు, డీప్ డ్రాయింగ్ రేకుకి (లోతుగా నొక్కి ఆకారం తెచ్చేది) మాత్రం 0.06 శాతం దాటకూడదు. మరి అంతా స్క్రాప్‌తో రేకు ఎలా చేస్తారు?

రిటైర్డ్ మెల్టర్
ఈ థ్రెడ్‌లో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో అసలైనది ఇదే. కాస్త పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

సిలికాన్, మాంగనీస్, ఫాస్ఫరస్ ఏది ఎక్కువైనా ఆక్సిజన్ కొడితే కాలి స్లాగ్‌లోకి పోతాయి. రాగి పోదు. ఇనుము కంటే రాగికి ఆక్సిజన్ మీద మోజు తక్కువ, కాబట్టి ఎంత బ్లో చేసినా ఇనుమే కాలుతుంది, రాగి అలాగే కూర్చుంటుంది. తగరం కూడా అంతే. తర్వాత స్లాబుని 1,100, 1,200 డిగ్రీలకు వేడి చేసి రోలింగ్‌కి పంపుతాం. అప్పుడు పైపొరలో ఇనుము ఆక్సీకరణ చెంది స్కేల్‌గా రాలిపోతుంటే, రాగి మాత్రం ఆ స్కేల్ కింద పోగుపడుతుంది. రాగి కరిగేది 1,085 డిగ్రీల దగ్గర. అంటే ఆ వేడిలో అది ద్రవం. ఆ ద్రవం ఇనుము రేణువుల సందుల్లోకి పాకుతుంది, రోల్ కింద నలగ్గానే పైన సన్నటి చీలికలు. తగరం ఉంటే ఇంకా ఘోరం, నికెల్ ఉంటే కొంచెం నయం. ఆ చీలికలున్న కాయిల్‌ని కారు కంపెనీ గేటు దగ్గర్నుంచే వెనక్కి పంపుతుంది.

మరి ఎలా చేస్తారంటే, మొదటిది స్క్రాప్ ఎంపిక. రేకుల ఫ్యాక్టరీల్లో ప్రెస్ కటింగుల్లో మిగిలే ముక్కలు చాలా శుభ్రం. పాత కార్లు ష్రెడ్డర్‌లో వేస్తే వచ్చేదాంట్లో మోటార్లు, వైరింగు ఉంటాయి. బయట ఇనుము, లోపల రాగి చుట్ట, అలాంటి మోటారు ముక్కల్ని అయస్కాంతం ఇనుమనే లాగేస్తుంది, అందుకే బెల్టు పక్కన మనుషులు నిలబడి చేత్తో ఏరాల్సి వస్తుంది. రెండోది, కలిపి పలుచన చేయడం. ఖనిజం నుంచి వచ్చిన పిగ్ ఐరన్ (బ్లాస్ట్ ఫర్నేస్ ఇనుము), స్పాంజ్ ఐరన్ (కరిగించకుండానే ఆక్సిజన్ తీసిన ఇనుము), దాని బ్రికెట్లు కలిపితే రాగి శాతం పడిపోతుంది. అమెరికాలో ఆర్క్ ఫర్నేస్‌తో రేకు చేసేవాళ్లు ఏళ్లుగా చేస్తున్నది ఇదే. మూడోది నైట్రోజన్. ఆర్క్ ఫర్నేస్ ఉక్కులో నైట్రోజన్ ఎక్కువ ఉంటుంది, అది రేకుని బిరుసు చేస్తుంది, దానికీ స్పాంజ్ ఐరనే మందు.

కాబట్టి పూర్తిగా స్క్రాప్‌తో అన్ని గ్రేడ్లూ చేస్తామంటే నేను నమ్మను. అత్యంత కఠినమైన గ్రేడ్లకి ఖనిజం ఇనుము ఎక్కడ్నుంచో రావాల్సిందే. బ్రిటన్‌లో స్పాంజ్ ఐరన్ ప్లాంటు లేదు.

లెక్కలమాస్టారు
స్క్రాప్ పరిమాణానికి మాత్రం బ్రిటన్‌లో లోటు లేదు. ఏడాదికి కోటి టన్నులకు పైగా పుడుతుంది, అందులో ఎక్కువ భాగం, సుమారు 80 లక్షల టన్నులు, బయటికి ఎగుమతి అవుతోంది. టర్కీ, ఈజిప్ట్, మన దేశం, బంగ్లాదేశ్ కొంటున్నాయి. అందులో కొంత అక్కడే ఆగిపోతే ఇక్కడ స్క్రాప్ కరిగించి ఉక్కు చేసే ఇండక్షన్ ఫర్నేస్ వాళ్లకి రేటు పెరుగుతుంది. ప్రపంచం మొత్తానికి స్క్రాప్ ఒకటే సంచి, ఒకరు తీస్తే ఇంకొకరికి తగ్గుతుంది. ప్రపంచ ఉక్కులో ఇప్పటికీ 70 శాతం బ్లాస్ట్ ఫర్నేస్ దారిలోనే వస్తోంది, అదెవరికీ సరదా కాదు.

ఉక్కునగరం కుర్రాడు
సరే, అయితే ఇది చెప్పండి. స్వీడన్ వాళ్లు హైడ్రోజన్‌తో చేస్తున్నారంటారే, అదెందుకు పెట్టలేదు పోర్ట్ టాల్బట్‌లో? ఖనిజం నుంచి చేస్తారు, కార్బన్ ఉండదు, ఉద్యోగాలూ ఎక్కువ మిగిలేవి.

మెటలర్జీ ఫైనలియర్
అన్నా, హైడ్రోజన్ దారిలో టన్ను ఉక్కుకి 50 కిలోల పైన హైడ్రోజన్ కావాలి. అది నీళ్లను కరెంటుతో విడగొట్టి చేయాలంటే మొత్తం మీద టన్నుకి 3,500 యూనిట్ల దాకా వెళ్తుంది, మాస్టారు చెప్పిన 450తో పోల్చుకోండి. స్వీడన్‌కి ఉత్తరాన చవకైన జలవిద్యుత్తు, పక్కనే మంచి ఖనిజం ఉన్నాయి. జర్మనీలో 2025 జూన్‌లో ఆర్సెలర్‌మిట్టల్, ప్రభుత్వం సబ్సిడీ ఇస్తానన్నా కూడా, బ్రెమెన్‌లో, ఐసెన్‌హుటెన్‌స్టాట్‌లో అలాంటి ప్లాన్లు వదిలేసుకుంది. కరెంటు రేటు, మార్కెట్ కుదరట్లేదని.

ఉక్కునగరం కుర్రాడు
అంటే డబ్బు ఉంటేనే పర్యావరణం.

రిటైర్డ్ మెల్టర్
డబ్బే కాదు, కొంత దేశాల పట్టుదల కూడా. స్కన్‌థార్ప్ చూడు. పోర్ట్ టాల్బట్ ఆగాక బ్రిటన్‌లో ఖనిజం నుంచి ఉక్కు చేసే బ్లాస్ట్ ఫర్నేసులు అక్కడి రెండే మిగిలాయి. చైనా యజమాని జింగే వాటిని ఆపేస్తాడేమోనని భయపడి 2025 ఏప్రిల్ 12న, శనివారం నాడు, పార్లమెంటుని పిలిపించి ఒక్క రోజులో చట్టం చేసి ప్లాంటు పగ్గాలు ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. ఆరు నెలల ముందు పోర్ట్ టాల్బట్‌కి ఆ కంగారు ఎవరూ పడలేదు. ఊళ్లోవాళ్లకి అది గుర్తుండిపోతుంది.

కార్డిఫ్ తెలుగోడు
గుర్తుందండీ, బాగానే గుర్తుంది. ఆ వారం ఇక్కడ రేడియోలో ఫోన్ చేసినవాళ్లంతా అడిగింది అదే, "మాకు శనివారాలు లేవా" అని.

స్వర్ణముఖి
మన విశాఖ సంగతేంటి మరి? గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ, మూడూ బ్లాస్ట్ ఫర్నేసులే కదా. రేపు యూరప్ దిగుమతుల మీద కార్బన్ పన్ను అంటే ఎవరు కడతారు?

రిటైర్డ్ మెల్టర్
విశాఖలో మొదటి నుంచీ కోక్ డ్రై క్వెంచింగ్ ఉంది. ఎర్రటి కోక్ మీద నీళ్లు కొట్టి ఆవిరి గాల్లోకి వదలకుండా నైట్రోజన్‌తో చల్లార్చి, ఆ వేడితో ఆవిరి తీసి కరెంటు చేస్తారు. ఫర్నేస్ పైనుంచి వచ్చే గ్యాసు ఒత్తిడితో టర్బైన్ తిప్పుతారు. ఇంధనం ఆదా విషయంలో మనవాళ్లు వెనకబడి లేరు. కానీ ఇవన్నీ రెండు టన్నుల్లో కొంత కోసేవే, రెండు టన్నుల్ని తీసేసేవి కావు. పైగా సొంత ఇనుప గనులు లేని ప్లాంటు, ముందు ఆ బాధ తీరాలి. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది, అది నిలబడడానికే, కొత్త ఫర్నేస్‌కి కాదు.

విశాఖకి ఒక అనుకూలం మాత్రం ఉంది. అది చేసేది కడ్డీలు, వైర్ రాడ్లు. రాగి గురించి అంత భయం అక్కర్లేదు. ఆర్క్ ఫర్నేస్‌కి రేకుల ప్లాంటు కంటే కడ్డీల ప్లాంటే సులువు.

లెక్కలమాస్టారు
పన్ను గురించి: యూరప్ సరిహద్దు కార్బన్ పన్ను 2026 జనవరి 1 నుంచి పూర్తిస్థాయిలో మొదలు, బ్రిటన్‌ది 2027 జనవరి 1 నుంచి అన్నారు. మన ఉక్కు శాఖ 2024 డిసెంబరులో గ్రీన్ స్టీల్‌కి స్టార్ రేటింగ్ పెట్టింది. టన్ను ఉక్కుకి 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ కంటే తక్కువైతే గ్రీన్, 1.6 కంటే తక్కువైతే ఐదు నక్షత్రాలు. పోర్ట్ టాల్బట్ పాత ఫర్నేసులు మన కొలతలో అటూ ఇటూగా గ్రీన్ దరిదాపుల్లోనే ఉండేవి! వాళ్లు మూసేసిన దాన్ని మన పట్టికలో పెడితే మార్కులు పడేవన్నమాట. మన దగ్గర సగటు 2.5 దగ్గర ఉంది, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కాబట్టి పెట్టారు, తప్పు పట్టను. కానీ "గ్రీన్ స్టీల్" బోర్డు కనపడగానే ఏ దేశం గీత మీద గ్రీన్ అని అడగండి.

కార్డిఫ్ తెలుగోడు
అందరికీ థాంక్స్. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా 90 శాతం అంటే, "స్లాబు ఎక్కడిది" అని అడుగుతా. ఒక్క ప్రశ్న మిగిలింది. ఉద్యోగాలు పోయినవాళ్ల కోసం 10 కోట్ల పౌండ్ల ట్రాన్సిషన్ ఫండ్ అంటున్నారు. ముప్పై ఏళ్లు ఫర్నేస్ మీద పనిచేసిన మనిషికి ఆర్క్ ఫర్నేస్‌లో పని దొరుకుతుందా?

రిటైర్డ్ మెల్టర్
స్టీల్ మెల్టింగ్ షాపు, లాడిల్, కాస్టర్ (కరిగిన ఉక్కుని స్లాబులుగా పోసే యంత్రం) దగ్గర చేసినవాళ్లకి దొరుకుతుంది, ఆ పని పెద్దగా మారదు. కోక్ ఓవెన్లు, సింటర్ ప్లాంటు (ఖనిజం పొడిని ముద్దలు చేసేది), బ్లాస్ట్ ఫర్నేస్ వాళ్లకి కష్టం, ఆ విభాగాలే ఉండవు. ఇంకోటి, ఫర్నేస్ గ్యాసుతో నడిచే సొంత పవర్ ప్లాంటు మనుషులు కూడా. ఆ గ్యాసు ప్లాంటుకి ఫ్రీగా దొరికే ఇంధనం, ఇకమీదట స్లాబులు మళ్లీ వేడి చేయడానికి కూడా బయట గ్యాసు కొనాలి. దీని గురించి ఎవరూ రాయరు.

మెటలర్జీ ఫైనలియర్
మెల్టర్ గారూ, నా ప్రాజెక్టు "ఆర్క్ ఫర్నేస్ ఉక్కులో రాగి" అని పెట్టుకుందామనుకుంటున్నా. మా ఊరి దగ్గర ఒక చిన్న ఫర్నేస్ వాళ్లు శాంపిల్స్ ఇస్తామన్నారు. ఏం చూడమంటారు?

రిటైర్డ్ మెల్టర్
పెట్టుకో. హీట్‌లో (ఒక విడత కరిగించిన ఉక్కులో) రాగి ఎంత వచ్చిందో ఒక్కటే రాసుకుంటే పనికిరాదు, ఆ హీట్‌కి ఏ యార్డు నుంచి ఏ రకం స్క్రాప్ ఎంత వేశారో స్టోర్స్ స్లిప్పులు కూడా అడుగు. అవి ఇవ్వడానికి వాళ్లు నసుగుతారు, సూపర్‌వైజర్‌ని కాకుండా స్క్రాప్ బే ఇన్‌చార్జిని పట్టుకో. నైట్రోజన్ టెస్టు కూడా చేయించు, ఖర్చైనా సరే.

ఉక్కునగరం కుర్రాడు
తమ్ముడూ, రిపోర్టు అయ్యాక ఇక్కడ పెట్టు. ఐముయిడెన్ మీద ఇంకో థ్రెడ్ తెరుస్తున్నా, అక్కడ కూడా ఇదే కంపెనీ, డచ్ ప్రభుత్వం 200 కోట్ల యూరోల దాకా సాయం చేసేలా 2025లో ఇద్దరూ అంగీకార పత్రం రాసుకున్నారు. అక్కడైనా పాతది ఆపేముందు కొత్తది కడతారేమో చూద్దాం.